మా రోజుల్లో మూడు బంతులే

క్యూ పట్టిన కుర్రాణ్ని ఎవణ్నయినా ఆపి, ఈ క్యూ కర్ర ఆటల్లో ప్రపంచంలోకెల్లా గొప్పవాడు ఎవడురా అని అడగండి. స్నూకర్ ఆడేవాడైతే రానీ ఓసలివన్ అంటాడు. పూల్ ఆడేవాడైతే షేన్ వాన్ బోయెనింగ్ అనో, జోషువా ఫిల్లర్ అనో అంటాడు. వాడు ఏ ఆట ఆడితే ఆ ఆటలోంచే పేరు తీస్తాడు. పక్క టేబుల్ మీద ఏం జరుగుతోందో వాడికి అక్కర్లేదు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఓసలివన్‌ని నేనేం తక్కువ చెయ్యడం లేదు. ఏడుసార్లు ప్రపంచ విజేత. 1997లో అయిదున్నర నిమిషాలు కూడా పట్టకుండా ఒకే వంతులో 147 పాయింట్లు కొట్టినవాడు. స్నూకర్‌లో అతనికి దండం పెడతాను. కానీ ఏ టేబుల్ దగ్గర నిలబెట్టినా, ఏ ఆట పెట్టినా గెలిచేవాడు ఎవరు అన్నది వేరే ప్రశ్న. మా రోజుల్లో క్లబ్బుల్లో అర్ధరాత్రి దాకా వాదించుకున్నది ఆ ప్రశ్న మీదే. ఇప్పుడు దాన్ని అడిగేవాడే లేడు.

మా రోజుల్లో ముందు బిలియర్డ్స్ నేర్చుకోవాలి. తర్వాతే ఏదైనా. బంతులు మూడే. ఒకటి తెల్లది, ఒకటి చుక్క ఉన్న తెల్లది, ఒకటి ఎర్రది. ఇప్పుడు చుక్క బంతి పోయి పసుపు బంతి వచ్చింది. నీ బంతి మిగతా రెండింటికీ తగిలితే కానన్, రెండు పాయింట్లు. ఎర్ర బంతిని పాకెట్లో వేస్తే మూడు. నీ బంతే ఎర్రదానికి తగిలి పాకెట్లో పడితే ఇన్-ఆఫ్, అదీ మూడే. వినడానికి ఇంతే. ఆడి చూడండి, ఎముకలు అరుగుతాయి.

మా ఊరి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో స్కోరు రాస్తూ టేబుళ్లు చూసుకునే మార్కరు ఒకాయన ఉండేవాడు. జీతం ఎంతో చెబితే సిగ్గుపడాలి. విద్య మాత్రం మెంబర్లందరిదీ కలిపినా ఆయన దానికి సరిపోదు. పన్నెండడుగుల టేబుల్ మీద గుడ్డకి బ్రష్ పట్టేవాడు, ఎప్పుడూ ఒకే దిక్కుకి, ఆట మొదలుపెట్టే ‘డి’ వైపు నుంచి అవతలి చివర బ్లాక్ స్పాట్ వైపుకి. ఆ తర్వాత బరువైన ఇస్త్రీ పెట్టె, అదీ అదే దిక్కుకి. వెనక్కి లాగితే గుడ్డ నూగు చెదిరిపోతుందని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. నూగు వెంట వెళ్లే బంతికి సైడ్ పెడితే, అంటే పక్కగా కొట్టి తిప్పితే, ఒక తీరుగా పనిచేస్తుంది. నూగుకి ఎదురుగా నెమ్మదిగా వచ్చే బంతికి అదే సైడ్ తిరగబడి పనిచేస్తుంది. ఈ సంగతి మాకు పుస్తకంలో దొరకలేదు, ఆయన ఇస్త్రీ చేస్తుంటే చూసి తెలుసుకున్నాం. ఇప్పటి పార్లర్లలో ఎన్ని టేబుళ్లకి ఇస్త్రీ పడుతోంది? రంగు లైట్లు, చెవులు పగిలే పాటలు, గంటకింత అని రేటు. గుడ్డ మీద చాక్ పొడి తెట్టెలు కట్టి ఉంటుంది. తుడిచేవాడు లేడు, తుడవమని అడిగేవాడూ లేడు.

ఆ మార్కరు తిట్టిన తిట్టు ఒకటి చెప్పాలి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఎదుటివాడి తెల్ల బంతి పాకెట్ అంచున కనిపించగానే ఠపీమని లోపలికి వేసేవాడు. రెండు పాయింట్లు వచ్చాయని మురిసిపోయేవాడు. ఆయన స్కోర్ బోర్డు దగ్గర నుంచే, ‘ఇక రెండు బంతులతో ఊరేగు’ అనేవాడు. ఎందుకంటే బిలియర్డ్స్‌లో ఎదుటివాడి బంతి లోపల పడితే, నీ వంతు అయ్యేదాకా అది పైకి రాదు. కానన్ కొడదామంటే రెండో బంతి ఉండదు. ఎదురుగా ఉన్న పాయింట్లు తీసుకోకుండా వదలడం, ఈ దెబ్బ తర్వాత మూడు బంతులూ ఎక్కడ నిలుస్తాయో ముందే చూసి కొట్టడం మాకు అక్కడ అలవడింది. స్నూకర్‌లోకి, పూల్‌లోకి వెళ్లినా పనికొచ్చేది ఆ చూపే. బంతిని పాకెట్లో వెయ్యడం ఎవడికైనా వస్తుంది. తెల్ల బంతిని అదుపులో పెట్టుకోవడం బిలియర్డ్స్ నేర్పుతుంది.

ఇది ముసలాడి చాదస్తం అనేవాళ్లు మన దేశం చరిత్ర చూడండి. విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచాడు. 1964లో న్యూజిలాండ్‌లో మళ్లీ గెలిచాడు. ఒక భారతీయుడు ఒంటరిగా ఒక ఆటలో ప్రపంచ విజేత కావడం ఆయనతోనే మొదలు. ఆయన జాతీయ బిలియర్డ్స్ పన్నెండుసార్లు, జాతీయ స్నూకర్ అయిదుసార్లు గెలిచాడు. రెండూ ఆడాడు, రెండూ గెలిచాడు. తర్వాత మైకేల్ ఫెరేరా వచ్చి 1977, 1981, 1983లలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ తెచ్చాడు. ఆ తర్వాత గీత్ సేథీ. బిలియర్డ్స్‌లో 1992 ప్రపంచ ప్రొఫెషనల్ పోటీల్లో ఒకే వంతులో 1276 పాయింట్ల బ్రేక్ కొట్టాడు. అంతకు ముందు 1989లో జాతీయ స్నూకర్ పోటీల్లో 147 కూడా కొట్టాడు. ఒకే చెయ్యి ఈ రెండు పనులూ చేసిందంటే దాని వెనక ఎంత సాధన ఉందో ఊహించుకోండి. స్నూకర్ పుట్టిందే మన దేశంలో. 1875లో జబల్పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే సైనిక అధికారి మొదలుపెట్టాడు, 1882లో ఊటీ క్లబ్బులో నిబంధనలు రాసుకున్నారు. బిలియర్డ్స్ టేబుల్ మీద, బిలియర్డ్స్ ఆడేవాళ్ల చేతుల్లోనే అది పుట్టింది. తల్లిని వదిలేసి పిల్లనొక్కదాన్నే పెంచుకుంటున్నాం ఇప్పుడు.

ఇంగ్లండ్‌లోనూ అంతే. జో డేవిస్ 1927 నుంచి 1946 దాకా ప్రపంచ స్నూకర్ పదిహేనుసార్లు గెలిచాడు. మధ్యలో ప్రపంచ బిలియర్డ్స్ కూడా ఆయనదే. 1932లో లండన్‌లో ఆయన కుర్చీలో కూర్చుని చూస్తుండగా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన వాల్టర్ లిండ్రమ్ ఒక్క బ్రేక్‌లో 4137 పాయింట్లు కొట్టాడు. మూడు బంతుల్నీ కుషన్ వెంట చేర్చి, వేలెడు దూరం కూడా కదలనివ్వకుండా కానన్ల మీద కానన్లు. అది చూస్తూ కూర్చున్న మనిషి స్నూకర్ ఆడితే ఎలా ఆడతాడు? అలాగే ఆడాడు.

ఇక పూల్ సంగతి. మా కాలంలో ఇక్కడ పూల్ ఎవరూ ఆడలేదు, అది తర్వాత వచ్చింది. కానీ ఈ ఆటలన్నీ తెలిసినవాడి కోసం వెతికితే నా కళ్లు ఫిలిప్పీన్స్ వైపే పోతాయి. ఎఫ్రెన్ రేయెస్. 1954లో పంపాంగాలో పుట్టాడు. చిన్నప్పుడే మనీలాలో దగ్గరి బంధువు పూల్ హాల్లో పనికి చేరాడు. టేబుల్ అందక కూల్ డ్రింక్ పెట్టెల మీద ఎక్కి ఆడాడు, రాత్రి ఆ టేబుళ్ల మీదే పడుకున్నాడు. అక్కడ ఆడేది రొటేషన్, ఒకటి నుంచి పదిహేను దాకా వరసగా వెయ్యాలి. దాంతో పాటు పాకెట్లు లేని కారమ్ బిలియర్డ్స్ కూడా ఆడాడు. వన్ పాకెట్ ఆడాడు. అందులో టేబుల్‌కి ఆరు పాకెట్లున్నా నీది ఒక్కటే, ఎదుటివాడిది ఒక్కటే. దూకుడుగా ఆడితే మునిగిపోతావు. ఎయిట్ బాల్, నైన్ బాల్ అన్నీ ఆడాడు. 1994లో అమెరికా వాళ్ల యూఎస్ ఓపెన్ నైన్ బాల్ గెలిచాడు, అమెరికా బయటివాడు అది గెలవడం అదే మొదటిసారి. 1999లో కార్డిఫ్‌లో ప్రపంచ నైన్ బాల్, 2004లో ప్రపంచ ఎయిట్ బాల్. 1996లో హాంకాంగ్‌లో ఎర్ల్ స్ట్రిక్లాండ్‌తో లక్ష డాలర్ల పందెం. ముందు 120 రాక్‌లు, అంటే 120 గేములు, ఎవరు గెలిస్తే వాళ్లదే సొమ్ము. మూడు రోజులు ఆడారు. ఎఫ్రెన్ 120, స్ట్రిక్లాండ్ 117. మూడు రోజుల ఆటలో తేడా మూడు రాక్‌లు!

ఆ స్ట్రిక్లాండ్ మీదే 1995లో రెనోలో కొట్టిన దెబ్బ మా మనవడు ఫోన్‌లో చూపించాడు. ఆఖరి రాక్. అది పోతే మ్యాచ్ పోయినట్టే. ఎఫ్రెన్ కొట్టాల్సింది అయిదో నంబర్ బంతి. దానికీ తెల్ల బంతికీ మధ్య దారి మూసుకుపోయింది. ఎఫ్రెన్ రెండు కుషన్లు లెక్కపెట్టుకుని తెల్ల బంతిని వదిలాడు. ఇటు తగిలి, అటు తగిలి, వంకర టింకరగా వచ్చి అయిదో బంతిని పాకెట్లోకి నెట్టింది. నెట్టి, ఆరో బంతికి సరిగ్గా నిలబడింది. మనవడు ‘లక్కు, తాతయ్యా’ అన్నాడు. కాదురా నాయనా. కారమ్ టేబుల్ మీద కుషన్ల కోణాలు ఏళ్ల తరబడి చూసిన కళ్లకి ఆ దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. నైన్ బాల్ ఒక్కటే ఆడినవాడికి ఆ దెబ్బ తోచదు.

ఇప్పటివాడు అక్కడ ఉంటే ఏం చేస్తాడో తెలుసా? జంప్ క్యూ తీస్తాడు. పొట్టి కర్ర, గట్టి టిప్పు, పైనుంచి ఒక్క పోటు. తెల్ల బంతి అడ్డం ఉన్నదాన్ని ఎగిరి దాటేస్తుంది. జనం ఈలలేస్తారు. నిబంధన ఒప్పుకుంటుంది, నేనేం కాదనను. కానీ కుషన్ నేర్చుకోవాల్సిన అవసరమే లేకుండా పోయింది కదా. బంతులు పేర్చే రాక్ కూడా అంతే. మా వాళ్లు చెక్క త్రికోణంలో బంతులు బిగించడానికి బొటనవేళ్లు నొప్పి పుట్టేలా నొక్కేవారు. ఇప్పుడు కింద పల్చటి ప్లాస్టిక్ రేకు పరుస్తారు, బంతులు వాటంతటవే అతుక్కుంటాయి. మొదటి దెబ్బకి బంతులు ప్రతిసారీ ఒకేలా చెదురుతాయి. వెయ్యడం మాత్రం ఇప్పటి పిల్లలు మాకంటే బాగా వేస్తారు, అది ఒప్పుకోవాలి. నిక్కచ్చిగా, భయం లేకుండా, దూరం నుంచి వేస్తారు. అది తప్ప మరొకటి నేర్పేవాడు దొరకడం లేదు వాళ్లకి. పదేళ్లకే ఒక ఆట ఎంచుకోమంటున్నారు. పెళ్లికి వంటవాణ్ని పిలిస్తే నాకు బిర్యానీ ఒక్కటే వచ్చు అన్నట్టుంది.

మరి బిలియర్డ్స్ వైపు చూద్దామంటే దాన్నీ కత్తిరించుకుంటూ వచ్చారు. గంటల తరబడి సాగే ఆటలు పోయి నూటయాభై పాయింట్ల గేములు, నూరు పాయింట్ల గేములు వచ్చాయి. బాగా ఆడేవాడు ఒక్క బ్రేక్‌లో ముగించేస్తాడు. ఆసియా క్రీడల్లో 2006 దోహాలో, 2010 గ్వాంగ్జౌలో బిలియర్డ్స్ బంగారం మన పంకజ్ అద్వానీదే. 2010 తర్వాత ఆ క్రీడల్లోంచి ఆటనే తీసేశారు. మనం గెలిచే ఆటని తీసేస్తే దేశంలో ఒక్కరైనా గట్టిగా అడిగారా?

అద్వానీ గురించి గర్వంగా చెబుతాను, ఈ కాలపు మనిషే అయినా. పద్దెనిమిదేళ్లకి, 2003లో చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ గెలిచాడు. 2005లో మాల్టాలో ప్రపంచ బిలియర్డ్స్ రెండు రకాలూ గెలిచాడు, టైమ్ పెట్టి ఆడేదీ, పాయింట్లు పెట్టి ఆడేదీ. 2008లో బెంగళూరులో మళ్లీ అదే, 2014లో మళ్లీ అదే. ఆరు ఎర్ర బంతుల స్నూకర్‌లోనూ ప్రపంచ విజేతే. ప్రపంచ టైటిళ్లు పాతిక దాటాయి. బెంగళూరులో ఆయనకి నేర్పినవాడు అరవింద్ సవూర్. పాతకాలపు పద్ధతిలో రెండు ఆటలూ నేర్పిన గురువు ఉన్నాడు గనుకే ఆ శిష్యుడు వచ్చాడు. ఫుల్ సైజ్ టేబుల్ మీద అతన్ని మించిన సంపూర్ణ ఆటగాణ్ని ఈ కాలంలో నేను చూడలేదు.

మరి కారమ్ వీరుల మాటేమిటి అంటారేమో. అమెరికా విల్లీ హోపీనీ, బెల్జియం రేమండ్ సూలెమాన్స్‌నీ కారమ్‌లో ఎవరూ కదపలేరు. హోపీ పద్దెనిమిదేళ్లకి 1906లో పారిస్‌లో ప్రపంచ టైటిల్ గెలిచాడు, 1940లో యాభై దాటాక మూడు కుషన్ల ఆటలో ఆడిన ఇరవై ఆటలూ గెలిచాడు. కానీ వాళ్ల పేరు పాకెట్లు లేని టేబుల్ మీదే.

అందుకని నా తీర్పు ఇది. ఒకే రకం టేబుల్ మీద అన్నీ ఆడినవాడు అద్వానీ. టేబుల్ మారినా, పాకెట్లు ఉన్నా లేకపోయినా, బంతులు మూడైనా పదిహేనైనా ఆడినవాడు ఎఫ్రెన్ రేయెస్. అన్ని ఆటలూ కలిపి చూస్తే ఎఫ్రెనే గొప్ప. 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో అరవై అయిదేళ్ల వయసులో కారమ్‌లో కంచు పతకం తెచ్చుకున్నాడు. అరవై అయిదేళ్లకి పూల్ ఆడేవాడు పాకెట్లు లేని టేబుల్ మీద పతకం కొట్టాడంటే ఇంక వాదన ఏముంది?

క్లబ్బు కమిటీల్లో ఉన్న పెద్దలకి ఒక్క మాట. మీ దగ్గర ఇంకా పన్నెండడుగుల టేబుల్ ఉంటే, రెస్టారెంటు కోసం దాన్ని తీసెయ్యకండి. వారానికి ఒక్క సాయంత్రమైనా స్నూకర్ ఎర్ర బంతులు పెట్టెలో పెట్టి, మూడు బంతులే బయటికి తియ్యండి. మెంబర్ల పిల్లల్నే కాకుండా చుట్టుపక్కల పిల్లల్నీ రానివ్వండి. మీ మార్కరుకి బిలియర్డ్స్ వస్తే అతన్ని స్కోర్ బోర్డు దగ్గర నిలబెట్టకుండా నేర్పమనండి, నేర్పినందుకు జీతం పెంచండి. అతను రిటైరయ్యేలోపే ఈ పని చెయ్యండి.