వణికే బాణం: తల్లాడ వాస్తవ్యులకు వారంటీ శాస్త్రం

ల్యాప్‌టాప్ కీబోర్డుకు దిగువన, వేలితో రాస్తే తెరమీది బాణం గుర్తును నడిపించే నున్నటి పలకను ట్రాక్‌ప్యాడ్ అంటారు. 1994లో యాపిల్ పవర్‌బుక్ 500 శ్రేణితో ల్యాప్‌టాప్‌లలో ప్రాచుర్యం పొందిన ఈ పలక కింద సన్నని విద్యుద్వాహక గీతల వల ఒకటి పరచి ఉంటుంది. వేలు దగ్గరకు రాగానే ఆ వల విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యం, అంటే కెపాసిటెన్స్, మారుతుంది, ఆ మార్పును లెక్కగట్టి లోపలి చిప్ వేలి జాడ పడుతుంది. ఈ లెక్క తప్పి బాణం వణికినా, తనంతట తానే పరుగులు తీసినా, అసలే మొరాయించినా మొదట అనుమానించవలసింది పలకను కాదు, వేలిని. పత్తి తీసి కాయలు కాచిన వేలు, మిరప కల్లంలో తిరిగిన వేలు, మే నెల చెమటకు తడిసిన వేలు తల్లాడలో దొరకనివి కావు కనుక, కాల్‌సెంటర్‌కు ఫోను చేయకముందే వినియోగదారుడు నేరం నెత్తిన వేసుకుంటే అవతలివారికి సగం శ్రమ తగ్గుతుంది.

తరువాతిది ఇంటి పరీక్ష. ఛార్జర్ ప్లగ్గుకు ఉండే మూడో పిన్ను ఎర్తింగ్ కోసం, అంటే దారితప్పిన విద్యుత్తును నేలలోకి పంపడం కోసం, ఏర్పాటైనది. గోడలో రెండు రంధ్రాల సాకెట్టే ఉందనో, మూడో రంధ్రం ఉన్నా దాని వెనుక తీగ లేదనో టూపిన్ కన్వర్టర్ తగిలించి పని కానిచ్చే ఇళ్లలో ఆ విద్యుత్తు ల్యాప్‌టాప్ లోహపు ఒంటిమీదే తచ్చాడుతుంది. మణికట్టు ఆనించినవారికి చీమలు పాకినట్లుంటుంది, పలక లెక్కలు తారుమారై బాణం పూనకం వచ్చినట్లు ఊగుతుంది. ఛార్జర్ పీకేసి రెండు నిమిషాలు బ్యాటరీమీద నడిపిస్తే విషయం తేలిపోతుంది. పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది గనుకనే ఈ పరీక్ష చేయరాదు. చేస్తే సర్వీసు సెంటరు కోసం ఖమ్మం ప్రయాణం తప్పిపోతుంది. అలాగే కీబోర్డు పైవరుసలో ట్రాక్‌ప్యాడ్ బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కుకుపోయి పలక ఆగిపోయి ఉండవచ్చునన్న సంగతిని, ఇంజనీరు నవ్వుతూ చెప్పేవరకు, తెలుసుకోకుండా ఉండాలి. ఇక డ్రైవర్ అంటే ఇక్కడ సత్తుపల్లి బస్సు నడిపేవాడు కాదు, పలకకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీగా నిలిచే సాఫ్ట్‌వేర్. దానిని తీసేసి మళ్లీ పెట్టమని కాల్‌సెంటర్ ఎన్నిసార్లు చెబితే అన్నిసార్లు, ప్రతిసారీ కొత్తగా వింటున్నట్లు, చేయడం మర్యాద.

ఒక్కచోట మాత్రం వేళాకోళం పనికిరాదు. పలక ఒకవైపు పూరీలా పొంగి, నొక్కినా దిగకపోతే, కింద ఉన్న లిథియం బ్యాటరీలో వాయువు పుట్టి అది ఉబ్బిందని అనుమానించాలి; అటువంటి యంత్రాన్ని ఆపివేసి, ఛార్జింగ్ మానేసి, అదిమి సరిచేయాలని చూడకుండా సర్వీసుకు అప్పగించాలి.

వారంటీ అంటే నిర్ణీత కాలంలో, మామూలుగా ఏడాదిలో, తయారీ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేస్తామన్న రాతపూర్వక హామీ. ఇంటికే వచ్చి చూసేది ఆన్‌సైట్, యంత్రాన్ని మోసుకుపోవలసినది క్యారీ-ఇన్; తల్లాడవాసికి ఈ రెండో రకమైతే వైరా మీదుగా ఖమ్మానికి సుమారు 40 కిలోమీటర్ల బస్సు ప్రయాణం కూడా హామీలో భాగమే అనుకోవాలి. బిల్లును థర్మల్ కాగితంమీద ఇచ్చి ఉంటే జిరాక్సు తీయించకుండా బీరువాలో దాచాలి, ఏడాది వేడికి అక్షరాలు తమంతట తామే మాయమవుతాయి. లోపాన్ని సెల్‌ఫోన్లో వీడియో తీయరాదు, ఎందుకంటే ఆస్పత్రి గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పిలా, సరైన ఎర్తింగ్ ఉన్న కౌంటరు బల్లమీద ఆ బాణం బుద్ధిగా నడుస్తుంది, రుజువు చూపించి ఆ ముచ్చట చెడగొట్టడం భావ్యం కాదు. విడిగా కొన్న మౌస్ వెంట తీసుకుపోతే పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్న సామెతకు ఎలుకతో కొత్త పాఠాంతరం ఏర్పడుతుంది. అక్కడ ‘సీఐడీ కేసు’ అన్న మాట వినబడితే పోలీసులు వస్తారని బెదరనక్కరలేదు. వినియోగదారుడి చేతులమీదుగా జరిగిన నష్టం అన్న ఇంగ్లిషు మాటలకు అది పొడి అక్షరాల రూపం, తేమ తగిలితే రంగుమారే చిన్న స్టిక్కరు దానికి సాక్షి. ఆ ముద్ర పడితే వారంటీ చెల్లదు.

అప్పగించేటప్పుడు ఇచ్చే జాబ్‌షీట్‌ను, అంటే ఏ తేదీన ఏ ఫిర్యాదుతో యంత్రం చేరిందో రాసిన కాగితాన్ని, చదవకుండా సంతకం పెట్టి పారేయడం ఉత్తమం. దాచుకున్నవారికి దురాలోచనలు పుడతాయి: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తారు, 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని తిరగేస్తారు, కంపెనీ ఎక్కడున్నా తాము నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చునని, 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా ఉండదని, గడువు 2 సంవత్సరాలని కనిపెడతారు. ఇంతటి జ్ఞానం ఒక వినియోగదారుడికి ఉండదగినది కాదు.

పలక మార్చిన యంత్రం తిరిగి చేతికందిన రోజు చివరి బస్సు పట్టుకుని తల్లాడ చేరి, అలసటతో దానిని బల్లమీద పెట్టి, ఛార్జర్‌ను ఎప్పటి టూపిన్ కన్వర్టర్‌కే తగిలించి, కొత్త పలకమీద వేలు ఆనించాలి.