ఖాళీ కాని గది

డైరెక్టరీ ఖాళీగా లేదు, కనుక తొలగించలేదు.

భిలాయి సెక్టారు క్వార్టర్లో కూర్చుని డెబియన్ లినక్స్ అప్‌గ్రేడ్ చేస్తుంటే, తెర మీద పరుగెత్తే వందల లైన్ల మధ్య ప్యాకేజీలు ఎక్కించి దించే డీపీకేజీ గారు సెలవిచ్చిన మాట ఇది. లోపలేముంది? చెప్పరు. ఎవరు పెట్టారు? చెప్పరు. ఉంచాలా, తీసెయ్యాలా? అది మన ఖర్మ. చెయ్యి దులుపుకుని తర్వాతి ప్యాకేజీ దగ్గరికి వెళ్లిపోతారు.

ఆయన వైపూ న్యాయం లేకపోలేదు. పాత ప్యాకేజీ తెచ్చిన ఫైళ్ల పట్టీ ఆయన దగ్గర భద్రంగా ఉంటుంది. కొత్తదాంట్లో లేనివాటిని ఏరిపారేసి, చివరికి గది కూల్చబోతే లోపల పట్టీలో లేని సామాను! పరాయి సొమ్ము ముట్టని పెద్దమనిషి, వదిలేస్తారు. పాత కెర్నెల్ పోయినా దాని మాడ్యూళ్ల డైరెక్టరీ ఒక్కోసారి మిగిలేది అందుకే: డీకేఎంఎస్ కట్టిపెట్టిన డ్రైవరేదో అందులో కాపురముంటుంది. క్వార్టరు అప్పజెప్పి విశాఖ రైలెక్కిన పెద్దాయన పెరట్లో తులసికోట వదిలినట్టు. రిజిస్టర్లో తులసికోట ఉండదు కదా!

బుద్ధుండాల్సింది ప్యాకేజీ కట్టినవాడికి. పోతూ పోతూ ఊడ్చిపోవడానికి పోస్ట్‌ఆర్‌ఎం అని స్క్రిప్టే ఉంది. అందులో రెండు లైన్లు రాసే ఓపిక వాడికుండదు, చీవాట్లు మాత్రం యంత్రం ముందు కూర్చున్నవాడికి.

హైదరాబాదులో ఉన్న మేనల్లుడికి ఫోన్ చేశాను. "వార్నింగే కదా మామయ్యా, ఎర్రర్ కాదుగా. వదిలెయ్."

ఈ మాట బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర అనమనండి! కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మీటరు కూసిందా, పరుగే. 2014 జూన్‌లో గ్యాస్ లీకై ఆరుగురు పోయిన ఉక్కు కర్మాగారం ఇక్కడిదే. ఆ మీటరుకి డీపీకేజీ గారి భాష నేర్పితే ఇలా కూస్తుంది: "గాలి శుభ్రంగా లేదు, కనుక ఊరుకున్నాను."

డెబియన్ 12 నాటికి బిన్, లిబ్ సొంత గదులు కావు, యూఎస్‌ఆర్‌లోకి దారి చూపే లింకులు. లింకు ఉండాల్సిన చోట నిజం డైరెక్టరీ తగిలితే అది తులసికోట కాదు, గోడ పగులు. నలభై తులసికోటల గురించి అరిచిన గొంతే పగులు గురించీ అరిస్తే, నాన్నా పులి అన్నా ఎవడు లేచి వస్తాడు?

చివరికి ఆ గది నేనే తెరిచాను. ఒకే ఒక్క ఫైలు. సున్నా బైట్లు. ఇదెవరిదని డీపీకేజీ గారినే అడిగితే, ఏ ప్యాకేజీదీ కాదన్నారు. తీసెయ్యడానికి చెయ్యి రాలేదు.

బ్యాకప్ తీసి పెట్టుకున్నాను.