గద్వాల చీర, రెండేళ్ల జైలు

నీళ్లు లేవని ఏడ్చాం, కొలువులు లేవని కొట్లాడాం గానీ, మన రెండు పాత జిల్లాల్లో చీరలకు మాత్రం ఏనాడూ కరువు లేదు. పాలమూరు వైపు గద్వాల, నారాయణపేట. నల్లగొండ వైపు పోచంపల్లి, పుట్టపాక. నాలుగు ఊళ్ల నేతకూ భౌగోళిక గుర్తింపు ఉంది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని నేసేవాళ్లలో మగవాళ్లున్నారు. మడతపెట్టి, మూటగట్టి, బస్సెక్కించేది మగవాడు. చివరికి దుకాణంలో తెల్ల పరుపు మీద నిలబడి, కొంగు ఎడమ భుజాన వేసుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, "అమ్మా, ఈ రంగు మీకు మస్తు నప్పుతది" అని చూపించేదీ మీసాలున్న మగవాడే. అక్కడ ఎవరూ నవ్వరు, ఎవరూ పోలీసులకు ఫోన్ చేయరు. ఆయన కట్టుకోవడం లేదు కదా, అమ్ముతున్నాడు.

తెలుగునాట మగవాడికి చీర కట్టుకునే హక్కు ఎప్పుడూ ఉంది. ఒక్కటే షరతు: అది ఇంకొకరి కోసమై ఉండాలి. దేవుడి కోసం కట్టుకోవచ్చు, మొక్కు కోసం కట్టుకోవచ్చు, టికెట్లు తెగడం కోసం కట్టుకోవచ్చు. తనకోసం తాను కట్టుకున్నాడా, ఇక మన సంస్కృతి నిలబడదు.

అది కూలకుండా ఒక చట్టం కూడా కాపు కాసింది. ఫస్లీ 1329, అంటే 1919లో ఏడో నిజాం సర్కారు చేసిన నపుంసకుల చట్టం. హైదరాబాద్ నగరంలోనూ, సర్కారు చెప్పిన మరే చోటనైనా అనుమానం ఉన్న నపుంసకుల పేర్లు రిజిస్టరుకెక్కించాలి. రిజిస్టరులో ఉన్నవాడు ఆడబట్టలు కట్టుకునో నగలు పెట్టుకునో వీధిలో కనబడితే వారంటు అక్కర్లేదు, పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జుర్మానా, లేదా రెండూ. వీధిలో ఆడినా పాడినా అదే శిక్ష. చట్టం పనితనం మాత్రం ఇక్కడుంది: వీధిలోకి రావాల్సిన పని కూడా లేదు. వీధిలోంచి కనబడాలన్న ఉద్దేశంతో ఇంకెక్కడ ఉన్నా నేరమే. అంటే పోలీసు అమీను సాబు రోడ్డు మీద నిలబడి, కిటికీలో ఉన్న మనిషి కనబడటానికి నిలబడ్డాడా, గాలి కోసం నిలబడ్డాడా అని వాడి మనసు చదవాలి. అంత విద్య ఉన్న అమీన్లు మనకుండేవారన్నమాట.

పోనీ ఇది మన సొంత తెలివా అంటే అదీ కాదు. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల మీద ఒక భాగం పెట్టారు. 1911లో కొత్త చట్టం చేసినప్పుడు దాన్ని వదిలేశారు. దొర పాతబడిందని విప్పి పారేసిన కోటును ఎనిమిదేళ్ల తర్వాత ఏరుకుని తొడుక్కున్నది మన సర్కారు. తమాషా చూడండి, పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరొచ్చింది ఆ నిజాంగారి తండ్రి మహబూబ్ అలీ ఖాన్ మీదుగా. ఒకసారి వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని ఆయనకు పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువా ఇప్పటికీ ఉంది. బీరువా అనడం మర్యాద కోసమే, రెండంతస్తులది. తండ్రి బట్టలకు రెండంతస్తులు, కొడుకు పాలనలో ఒక్క చీరకు రెండేళ్లు.

1948లో నిజాం రాజ్యం పోయింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చి చట్టం మీద తన పేరు, బ్రాకెట్లో 'తెలంగాణ ఏరియా' తగిలించింది. ఎన్టీఆర్ వచ్చి పటేల్ పట్వారీ వ్యవస్థను పీకేశాడు, దీన్ని ముట్టుకోలేదు. 2014లో తెలంగాణ వచ్చింది. ఆంధ్ర పెత్తనం మీద అంత పెద్ద ఉద్యమం చేసిన రాష్ట్రం, నిజాం దస్త్రాన్ని మాత్రం మడత నలగకుండా దాచుకుంది.

దేవుడికి ఈ బాధల్లేవు. గద్వాల నేతగాళ్లు దీక్షపట్టి ఏరువాడ జోడు పంచెలు నేసి బ్రహ్మోత్సవాలకు తిరుమల పంపుతారు. మనం పంచెలు పంపిస్తాం. ఐదో రోజు పొద్దున ఉత్సవమూర్తి మోహినీ అలంకారంలో, చీరా జడా నగలతో పల్లకీ ఎక్కుతాడు. మాడవీధుల్లో, అంటే వీధిలోనే, అదీ కనబడాలన్న ఉద్దేశంతోనే. తిరుమల నిజాం రాజ్యంలో లేకపోవడం స్వామివారి అదృష్టం. కొండ కింద తిరుపతిలో గంగమ్మ జాతరకు మగవాళ్లు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. అర్జునుడికైతే బృహన్నలగా విరాటరాజు కొలువులో ఏడాది పొడుగునా విడిది దొరికింది, పైగా రాకుమారికి నాట్యం నేర్పే కొలువు. వానలు పడకపోతే పూజ చేయించి విరాటపర్వం చదివించుకునే జనం మనం. చెరువు నిండాలంటే బృహన్నల కావాలి. నిండాక ఆమె ఊళ్లో కనబడకూడదు.

సినిమా సంగతి చెప్పనక్కర్లేదు. అక్కినేని నాటకాల్లో ఆడవేషాలతోనే పైకొచ్చాడు. ఎన్టీఆర్ కాలేజీ నాటకంలో నాగమ్మ వేషం కట్టడానికి ఒప్పుకుని, మీసం తీయడానికి ఒప్పుకోలేదు. 'మీసాల నాగమ్మ' అని పేరొచ్చింది. మన మగతనం మొత్తం ఆ పేరులో ఉంది: చీర కట్టుకుంటాం, మీసం దగ్గర మాత్రం రాజీ లేదు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చింది. హీరో జాతరలో చీర కట్టి, గాజులు తొడిగి, నిమ్మకాయల దండ వేసుకుని చితకబాదుతుంటే థియేటర్లు ఈలలతో ఊగిపోయాయి. అదే కుర్రకారు బయటికొచ్చి సిగ్నల్ దగ్గర చీరలో చెయ్యి చాచిన మనిషిని చూసి కారు అద్దం ఎత్తేసింది. పాపం, ఆమె ఎవరినీ చితకబాదకపోవడమే లోపం.

ఊరి భాగవతంలో సత్యభామ కట్టే మనిషిని చూడండి. పగలు ట్రాక్టరు తోలతాడు. రాత్రి బడి గదిలో, వేలాడే ఒక్క బల్బు కింద ముఖానికి అర్దళం పూసుకుని, సవరం కట్టుకుని, ముక్కుకు బిళ్ల అతికించుకుని అద్దం ముక్కలో చూసుకుంటాడు. మైకులో "ఫలానా పటేలుగారు సత్యభామకు నూట పదహార్లు" అని వినబడుతుంది. తెల్లవారుజామున మంగళం పాడేశాక కృష్ణుడు కిరీటం తీసి పక్కన పడేసి బీడీ ముట్టిస్తాడు. సత్యభామకు మాత్రం కొబ్బరినూనె సీసా మూత రాదు. జడకు పెట్టిన పిన్ను ఎంతకీ దొరకదు. "నువ్వు నడువన్నా, నేనొస్త" అంటాడు. అందరూ వెళ్లాక ఆ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆ కాసేపే మన జిల్లాల్లో మగవాడు తనకోసం చీరలో ఉండగలిగే సమయం. పొద్దెక్కాక ఆ పటేలుగారే కట్ట మీద కూర్చుని, "ఏందిరా, నడక ఇంక మారలే?" అంటాడు, నలుగురూ నవ్వుతారు. అందరు వేషగాళ్లూ ఇలా అని కాదు. చాలామందికి వేషం వేషమే. కొందరికే, ట్రాక్టరు మీద కూర్చున్నప్పుడు వేసుకున్నది వేషం.

అమెరికాలో ఇలాంటివాళ్లకు ఒక చోటు దొరికింది. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ కొండల్లో, 1950ల్లో, 60ల్లో, సుసానా అని పేరు పెట్టుకున్న ఒకాయన, ఆయన భార్య మేరీ కలిసి ఒక విడిది నడిపారు. కాసా సుసానా అనేవారు. వారమంతా కోటూ టైలో ఉద్యోగం చేసిన సంసారులు శుక్రవారం కారేసుకుని వచ్చి గౌనులో కూర్చునేవారు. కొందరు భార్యలను కూడా తెచ్చుకునేవారు. 2004లో పాత సామాన్ల సంతలో వాళ్ల ఫొటోల కట్ట దొరికి మరుసటేడు పుస్తకమైంది. ఆ బొమ్మల్లో ఏదో ఘోరం ఉంటుందని ఆశపడి తెరిచినవాడికి నిరాశే. స్క్రాబుల్ ఆడుతున్నారు, టీ తాగుతున్నారు, ముత్యాల దండ సర్దుకుని ఫొటోకు నవ్వుతున్నారు. మన పెద్దలకు ఇంతకంటే చప్పటి పాపం దొరకదు.

అక్కడా చట్టం వెంటపడింది. ఆ చట్టం పుట్టుక నల్లగొండవాళ్లకు చెప్తే ఇట్టే అర్థమవుతుంది. 1840ల్లో న్యూయార్క్ రైతులు భూస్వాముల కౌలు కట్టేది లేదని తిరగబడ్డారు. ఆనవాలు దొరక్కుండా ముఖానికి ముసుగు, ఒంటికి చీటిగుడ్డ గౌను వేసుకుని దండుగా వచ్చేవారు. వాళ్లను అణచడానికి 1845లో మారువేషం మీద చట్టం తెచ్చారు. రైతులు పోయారు, దొరలు పోయారు, వందేళ్ల తర్వాత అదే చట్టంతో పోలీసులు గౌను వేసుకున్న గుమాస్తాలను పట్టుకున్నారు. దొరల కోసం చేసిన చట్టం దొరలతో పోదు. ఆ ముక్క మనకెవరూ చెప్పక్కర్లేదు.

మన దగ్గర కాసా సుసానా ఎందుకు పుట్టలేదంటే కొండలు లేక కాదు, తలుపులు లేక. మన ఊళ్లో పట్టపగలు తలుపేసుకోవడమే ఒక వార్త. "ఏమైందమ్మా, పానం బాలేదా?" అని పక్కింటావిడ వచ్చి తడుతుంది. రెండు గదుల ఇంట్లో ఆరుగురు, ఒక్క బీరువా, తాళంచెవి అత్తగారి బొడ్లో. నిజాం అమీను కిటికీలోంచే చూశాడు, మనవాళ్లు వంటింట్లోంచి, వాకిట్లోంచి, డాబా మీంచి చూస్తారు. బొంబాయి బస్సెక్కిన పాలమూరు మగవాళ్లలో కూలి కోసం ఎక్కినవాళ్లెందరో, ఎవరూ ఎరగని ఒక్క గది కోసం ఎక్కినవాళ్లెందరో ఏ వలస సర్వేలోనూ అడగలేదు.

ఉన్నవి హిజ్రాల ఇళ్లు. హైదరాబాద్‌లో షహర్‌వాలా, లష్కర్‌వాలా అని రెండు పరంపరలు. గాయత్రి రెడ్డి వాళ్ల మధ్య తిరిగి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. వాళ్ల భాషలో చీర సాట్లా. ప్యాంటూ చొక్కాలో తిరిగేవాళ్లు కడా సాట్లా. ఆ ఇంట్లో గురువు ఉంటుంది, చేలాలు ఉంటారు, తప్పు చేస్తే జరిమానా ఉంటుంది. స్వర్గమేం కాదు. అయినా సూర్యాపేట నుంచో మక్తల్ నుంచో తన్నులు తిని వచ్చిన పిల్లవాడిని లోపలికి రమ్మన్న గడప అదే. ఆ గడప దాటాలంటే మాత్రం పుట్టిల్లు వదులుకోవాలి. ఆదివారం గంటసేపు చీర కట్టుకుని సోమవారం పొద్దున ఆఫీసుకు పోదామనుకునే గుమాస్తాకు అక్కడా చోటు తక్కువే.

ఇక న్యాయం సంగతి. తను ఆడో మగో ఇంకొకరో తనే చెప్పుకుంటే చాలని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో అంది. కాదు, కలెక్టరు ధ్రువపత్రం కావాలని 2019లో పార్లమెంటు అంది. మన నిజాం చట్టం మీద వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకెక్కారు. 2023 జులైలో ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇమ్మంది, చదువుల్లో, కొలువుల్లో రిజర్వేషన్ చూడమంది. నూట నాలుగేళ్లు పట్టింది. ఇన్నేళ్లలో ఈ చట్టం తీసేద్దామని మన అసెంబ్లీలకు తోచకపోవడాన్ని మతిమరుపు అనుకోవడం వాళ్లకు మనం చేసే మర్యాద.

కాబట్టి అయ్యలారా, కొండల్లో విడిదులు కట్టమని ఎవరూ అడగడం లేదు. కులానికో భవనం, ఊరికో ఫంక్షన్ హాలు కట్టుకుంటున్నారు, కట్టుకోండి. మీ బీరువాలో చీర మడత మారినట్టు కనిపిస్తే పనిమనిషిని తిట్టకండి, పిల్లవాడిని భూతవైద్యుడి దగ్గరికి ఈడ్చుకుపోకండి, వాడికి పెళ్లి చేసి ఇంకో పిల్ల గొంతు కోయకండి. వెనక గదికి లోపలి నుంచి ఒక గొళ్లెం పెట్టించండి, వాడు తలుపేసుకున్నప్పుడు తట్టకండి. గొళ్లెం ఖరీదు మీరు సత్యభామకు చదివించిన నూట పదహార్లలోపే.