మూడు చెరువుల నీళ్లు

ఎవణ్ణయినా ముప్పుతిప్పలు పెడితే మూడు చెరువుల నీళ్లు తాగించాడంటాం. టీవీ ఇంటర్వ్యూల జర్నలిస్టు కరణ్ థాపర్ పొదుపరి. గ్లాసెడుతో సరిపెట్టాడు.

2007 అక్టోబరులో గుజరాత్ ముఖ్యమంత్రి మోదీ ఆయన ఎదుట కూర్చున్నారు. గోధ్రా అనంతర అల్లర్ల మీద ఒకటే ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ అడిగాడు. మూడో నిమిషంలో మోదీకి దాహం వేసింది. పాపం, కరణ్ నిజం దాహమే అనుకుని పక్కన బల్ల మీదున్న గ్లాసు చూపించాడట! మోదీ మైకు ఊడదీసి ఇంటర్వ్యూ ఆపేశాక టీ, మిఠాయిలు, ఢోక్లా మాత్రం వచ్చాయి. మర్యాదకు లోటు లేదు, జవాబుకే కరువు.

మామూలువాళ్లు బయోడేటాలో తమనెవరు మెచ్చుకున్నారో రాసుకుంటారు. ఈయన బయోడేటా నిండా ఒళ్లు మండినవాళ్లే. 2000లో కపిల్‌దేవ్ ఏడ్చేశారు. 2004లో జయలలిత, మీతో మాట్లాడటం నాకేమీ సంతోషంగా లేదని మొహం మీదే చెప్పి నమస్తే పెట్టేశారు. మధ్యలో అడ్డుపడే జబ్బు కరణ్‌కూ ఉంది లెండి. కాకపోతే ఇంటిదగ్గర పాత కాగితాలు తిరగేసి వచ్చి మరీ అడ్డుపడతాడు.

అసలు మజా ఇక్కడుంది. 2014 ఎన్నికల ముందు ప్రశాంత్ కిశోర్ ఆ మూడు నిమిషాల వీడియోను మోదీకి ముప్పైసార్లు చూపించారని 2018లో కరణ్ తన పుస్తకంలో రాసుకున్నాడు. కిశోర్ మనకు కొత్తవాడా? 2019లో జగన్‌కు వ్యూహం అల్లిన మనిషే. ముప్పైసార్లు పాఠం చెప్పిన ఆ పంతులుగారే 2024 మేలో, ఛానెళ్లు దాటి ద వైర్ వెబ్‌సైటుకు చేరిన కరణ్ ఎదుట పరీక్షకు కూర్చున్నారు. హిమాచల్‌లో కాంగ్రెస్ మట్టికరుస్తుందని 2022లో మీరే అన్నారుగా, గెలిచిందేం అని ప్రశ్న. రుజువు చూపించమని కిశోర్ గరమయ్యారు. ఆయన గ్లాసెత్తిన క్లిప్పు ఊరంతా తిరిగింది. నీళ్లు మనసుకూ ఒంటికీ మంచివి, జూన్ 4న, ఫలితాల రోజు, మీరూ దగ్గర పెట్టుకోండని విమర్శకులకు ట్వీటు కొట్టారు. బీజేపీ 303 సీట్లకు తగ్గదన్న ఆయన జోస్యానికి ఆ రోజు 240 వచ్చాయి. నీళ్లు ఎవరికి అవసరమయ్యాయో మరి.

మన డిబేట్లలో ఈ బాధ లేదు. నలుగురు నాలుగు కిటికీల్లో కూర్చుంటారు, ఎవరూ లేచిపోరు. ప్రశ్నే నాలుగు నిమిషాలు సాగితే లేచేదెప్పుడు? అతిథి నీళ్లు నమిలేలోపే జవాబు కూడా యాంకరే చెప్పేస్తాడు.

మొన్న రాత్రి తొమ్మిదింటి డిబేట్ చూస్తున్నాను. మా ఆవిడ గ్లాసెడు నీళ్లు తెచ్చి టీవీ ముందు పెట్టింది.

"ఎవరికే?"

"ఆ యాంకరుకి. గంట నుంచి ఒక్కడే మాట్లాడుతున్నాడు."