ఈగ ముట్టని తేనె

దేశమున పాడిపంటలు క్షీణించుచున్నవనియు, నదులు శుష్కించుచున్నవనియు అహర్నిశము విలపించు నిరాశావాదులు ఒక్కసారి కేంద్ర వ్యవసాయ శాఖవారి తేనె లెక్కలు తిరుగవేయుదురుగాక! 2013-14లో 76,150 టన్నులుగా నుండిన మన తేనె యుత్పత్తి 2019-20 నాటికి 1,20,000 టన్నులై, 2022-23 నాటికి 1,42,000 టన్నుల దరి చేరినది. దీనికి ప్రభువులు 'మధుర విప్లవ'మని నామకరణము గావించి, 2020లో ఒక జాతీయ మిషన్‌ను నెలకొల్పి, 500 కోట్ల రూపాయలు ప్రకటించిరి. విప్లవములు నెత్తుటితో తడిసి వచ్చుట చరిత్ర ధర్మమై యుండగా, పాకముతో తడిసి వచ్చిన విప్లవము బహుశః ఇది యొక్కటియే.

లెక్క యన్న తరువాత భాగహారమును చేయవలయును గదా. ఆ మొత్తమును నూట నలుబది కోట్ల జనమునకు పంచినచో తలకు ఏటికి నూఱు గ్రాములు వచ్చును. అందులో ఆ యేడే 80,000 టన్నుల ప్రాంతము ఓడలెక్కి విదేశములకు, ముఖ్యముగా అమెరికాకు, తరలిపోయినది కావున, మనకు మిగిలినది మనిషికి నలుబదియైదు గ్రాముల లోపు, అనగా పెద్ద చెంచాతో రెండు చెంచాలు. ఆ రెండు చెంచాలతోనే వేకువజామున నడకకు పోవు స్థూలకాయులెల్లరు నిమ్మరసమున కలుపుకొని సంవత్సరము పొడుగునను సన్నబడుచున్నారు. ఆ రెండు చెంచాలతోనే వైద్యుల చూర్ణములకు అనుపానము, దేవతామూర్తులకు పంచామృతాభిషేకము, బేకరీలకు కేకులు, సుందరీమణులకు షాంపూలు సమకూడుచున్నవి. కూలినాలి చేసికొను పేదవాడు ఆ సీసా మొగమే యెఱుగడు కావున వాని వాటాయు మనమే త్రాగుచున్నామని అర్థశాస్త్రజ్ఞు డెవడైన సమర్థింపవచ్చును. సమర్థించుగాక; ద్రౌపది యక్షయపాత్రను నమ్మనివారు మాత్రము ఇకనైన నమ్ముట మంచిది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థవారి పట్టిక మఱింత రసవత్తరము. 2021లో మన యుత్పత్తి 70,000 టన్నులకు లోపేయని వారందురు. 2021-22లో 74,000 టన్నులు ఎగుమతి చేసితిమని మనవా రందురు. ఈ రెండు కాగితములను పక్కపక్కన పెట్టి చదివినచో, పండినదానికంటె అధికముగా అమ్ముకొని, అమ్మగా మిగిలిన ఋణశేషమును మనము ఏటేట ఆరగించుచున్నామని తేలును.

ఈ మహిమకు మూలము పూవులలో లేదు, పొయ్యిమీద నున్నది. చెఱకు, మొక్కజొన్నల చక్కెరలోని కర్బనపు జాడ, ఈగలు వ్రాలు పూలమొక్కలలో అధికభాగము జాడతో పొసగదు కావున, తొలినాళ్లలో కల్తీ పరీక్షకు దొరికిపోయెడిది. అంతట కల్తీదారులు చక్కెరను మానిరనుకొంటిరా? మొక్కను మార్చిరి. వరియు బీటుదుంపయు ఆ పూలమొక్కల తీరుననే కర్బనమును గ్రహించు జాతివి. బియ్యపు జాడను పసిగట్టు పరీక్ష వచ్చినది. వెంటనే ఆ జాడయు లేని పాకము వచ్చినది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 13 బ్రాండ్ల తేనెను జర్మనీకి పంపి అయస్కాంత అనునాద పరీక్ష చేయింపగా, మూడు మాత్రమే నిలిచినవి. అంతకంటె వినోదకరమైన ముచ్చట వేఱొకటి గలదు: స్వచ్ఛమైన తేనెలో వారే బుద్ధిపూర్వకముగా సగము పాకము కలిపి దేశీయ ప్రమాణములకు పరీక్షింపజేయగా, ఆ మిశ్రమము నిరాటంకముగా ఉత్తీర్ణమైనది! కంపెనీలవారు తమ సరకు నిర్దుష్టమనియు, నిబంధనలోని పరీక్షలన్నియు నెగ్గినదనియు ఘోషించిరి. నెగ్గుటకొఱకే వండిన పాకము నెగ్గక యేమి చేయును?

ఆ జర్మనీ పరీక్షను 2020 ఆగస్టు 1 నుండి మన ప్రభుత్వమే తప్పనిసరి చేసినది. అయితే అమెరికాకు పోవు తేనెకు మాత్రమే. స్వదేశీయుని నాలుకకు అంత పట్టింపు అక్కఱలేదని కాబోలు. కావున అసలు సిసలైన భారతీయ మధువును చవిచూడగోరు గృహస్థుడు, అమెరికాలో నున్న అల్లుడు పండుగకు వచ్చునప్పుడు ఒక సీసా తెమ్మని వ్రాసికొనుట ఉత్తమోపాయము.

ప్రయోగశాలలు ఇట్లుండగా మన యింటింటను నొక శాస్త్రజ్ఞుడు గలడు. ఆయన గ్లాసెడు నీళ్లలో చుక్క వేసి అడుగునకు దిగినదా యని చూచును. వత్తిని ముంచి వెలిగించును. కుక్క ముందు పెట్టి దాని యభిప్రాయము గైకొనును. చిక్కని బియ్యపు పాకము నీళ్లలో ఠీవిగా అడుగునకు దిగి ఆయన చేతులలో యోగ్యతాపత్రము నందుకొనును. ఇక పంజాబు, హర్యానా, రాజస్థాన్ ఆవచేల తేనెకు పట్టు దుర్గతి చెప్పనలవి కాదు. దానిలో గ్లూకోజు మెండు. చలికాలము వచ్చుటతోడనే అది సీసా యడుగునుండి మొదలిడి, నేయివలె తెల్లగా పేరుకొని, చెంచాకు లొంగకుండును. అది దాని కులలక్షణము. ఇల్లాలు దానిని చూచి, "చక్కెర కలిపినాడు, సచ్చినోడు" అని శపించి, సీసాను దుకాణమునకు త్రిప్పి పంపి, మాఘమాసమునను గాజులాగు మెఱయుచు జాఱెడి మఱియొక సీసాను తెచ్చుకొనును. ఈ విధమున నిజము శిక్షనొంది పాకము పీట యెక్కుచున్నది.

కూడలిలో అల్యూమినియపు బకెట్‌లో బెల్లపు పాకము పోసి, పైన నిజమైన తేనెతుట్టె నొకదానిని తేలవేసి, నాలుగీగలను చుట్టును త్రిప్పుకొను వీధి వర్తకునిపై నాకు కొంత గౌరవము గలదు. వాడు మోసమునకైనను ఈగలను పోషించుచున్నాడు.

ఆ ఈగలనే నమ్ముకొన్నవాని సంగతి వేఱు. రాజస్థాన్ ఆవచేలనుండి బీహారు లీచీతోటలకు రాత్రికి రాత్రి పెట్టెలను లారీలకెక్కించి తరలించు పెంపకందారునకు, 2014-15లో కిలోకు 150 రూపాయలు వచ్చిన చోట 2020 నాటికి 60, 70 రూపాయలే మిగిలినవి. ఆ యేడే గదా, కరోనా భయముతో జనము రోగనిరోధకశక్తికని తేనె సీసాలపై ఎగబడినది! అమ్మకము పెరిగినది, రైతు సరకు కదలలేదు. మన నల్లమల చెంచు సోదరుడు కొండచరియనుండి తాడుపై వ్రేలాడుచు, పొగబెట్టి పెద్ద పెరను కోయును. ఆ తాటిని బావమఱది చేతనే పట్టింతురని ప్రతీతి, తోబుట్టువు పసుపుకుంకుమల కొఱకైన వాడు వదలడని. ఇంతటి బంధుబలముతో దించిన తేనెకును, మిల్లులో గొట్టము త్రిప్పగా వచ్చిన పాకముతో ఒకే బల్లపై ధరల పందెము.

కావున ఏలినవారికి నా విన్నపము: ఈగలకు వ్యాధులు గలవు, అవి పురుగుమందులకు చచ్చును, పూత లేనినాడు పనిచేయవు, పైపెచ్చు కుట్టును. ఇట్టి అవిధేయ కార్మికులకు పెట్టెలు కొని యిచ్చుటకంటె, మిగిలిన నిధులను నేరుగా పాకశాలలకే బదలాయించి, ప్రతి గొట్టము చెంత నొక పూలకుండీ నుంచవలయునని ఉత్తరువు చేసినచో, ఉత్పత్తి వచ్చే యేటికే రెట్టింపగును. సీసాపై ఈగ బొమ్మను మాత్రము మునుపటికంటె పెద్దదిగా అచ్చు వేయింపవలయును.