శనివారం కెప్టెన్

(టెక్సాస్‌లో గాల్వెస్టన్ అఖాతం. తెల్లవారి ఆరు గంటలు. పడవలో ముగ్గురు. కెప్టెన్ వారంలో అయిదు రోజులు హ్యూస్టన్‌లో ప్రాజెక్ట్ మేనేజరు, మిగతా రెండు రోజులు కెప్టెన్. అల్లుడు సాఫ్ట్‌వేరు, అంతకుమించి పరిచయం అక్కర్లేదు. మామగారికి భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఆరు నెలలుందామని వచ్చి, రెండో వారం నుంచే క్యాలెండర్ చూసుకుంటున్నారు.)

మామగారు: బాబూ, పడవ నువ్వే నడుపుతావా? లైసెన్సూ గట్రా ఉందా?

కెప్టెన్: కోస్ట్‌గార్డ్ వాళ్ళు ఇచ్చిందే అంకుల్. సిక్స్‌ప్యాక్ అంటారు.

మామగారు: (కెప్టెన్ పొట్ట వంక చూసి) ఎక్కడా?

కెప్టెన్: అది కాదంకుల్! డబ్బిచ్చే వాళ్ళని ఆరుగురి దాకా ఎక్కించుకోవచ్చని. దానికి నీళ్ళ మీద 360 రోజుల అనుభవం చూపించాలి. పరీక్ష, మెడికల్, డ్రగ్ టెస్టు అన్నీ ఉంటాయి.

మామగారు: ఉద్యోగం చేసుకుంటూ 360 రోజులా?

కెప్టెన్: శనాదివారాలు కూడబెట్టానండీ. మా ఆవిడ కూడా ఆ రోజులన్నీ రాసి పెట్టుకుంది, వేరే పుస్తకంలో.

మామగారు: ఇంత అవస్థ దేనికి బాబూ?

కెప్టెన్: ఆఫీసులో పైవాళ్ళ పోరు పడలేక. ఇక్కడ నాకు నేనే బాసుని.

అల్లుడు: అన్నా, ఆ పాట మార్చు. కూలర్‌లో డైట్ కోక్ లేదేంటి? పడవ కాస్త ఇటు తిప్పు, ఎండ మొహం మీద కొడుతోంది.

కెప్టెన్: ష్యూర్ బ్రో. ఒక్క నిమిషం బ్రో.

మామగారు: (మోటారు పక్కన తొట్టి మూత తీసి) ఆయ్! ప్రాణంతో ఉన్నాయే! కిలోకి వంద కౌంట్‌కి కూడా రావు. తలకాయలు తీస్తే మిగిలేదేముంది? టిఫిన్‌కి తెచ్చావా?

కెప్టెన్: అవి ఎర అంకుల్. క్వార్టు పాతిక డాలర్లు.

మామగారు: (కూర్చుండిపోయి) మా రొయ్యని ఐసులో పెట్టి, సముద్రాలు దాటించి, సుంకాలు కట్టించి ఇక్కడికి పంపితే మనుషులు తింటున్నారు. ఇక్కడి రొయ్యకేమో పాతిక పోసి చేపకి పెడుతున్నారు. మా ఎగుమతి కంపెనీ వాడికి చెప్పాలి, అమెరికాలో మనుషుల కంటే చేపలే మంచి రేటిస్తున్నాయని.

(కెప్టెన్ రొయ్యని కొమ్ము కింద గాలానికి గుచ్చాడు, లోపల కనిపించే నల్లచుక్కకి తగలకుండా. తగిలితే చచ్చిపోతుంది, చచ్చిన రొయ్యకి గిరాకీ తక్కువ. పైన మూరెడు దూరంలో బెండు. దాని నెత్తి గిన్నెలా తొలిచి ఉంటుంది. దారం ఒక్క గుంజు గుంజితే నీళ్ళలో ‘బ్లబ్’ మంటుంది. ఎవరో భోజనానికి కూర్చున్నారని చుట్టుపక్కల చేపలకి కబురన్నమాట. రెండు గుంజులు, ఒక విరామం. నాలుగోసారికి బెండు కనపడలేదు.)

అల్లుడు: పడింది! అన్నా, వీడియో తియ్! ఇంకో యాంగిల్‌లో తియ్!

(రీలు కీచుమని అరిచింది. పది నిమిషాల పెనుగులాట. రాగిరంగు ఒళ్ళు, తోక దగ్గర నల్లటి మచ్చ.)

కెప్టెన్: రెడ్‌ఫిష్! (కొలబద్ద మీద పడుకోబెట్టి, మూతి ఆనించి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి) పందొమ్మిది ముప్పావు. సారీ బ్రో.

(చేప నీళ్ళలోకి వెళ్ళిపోయింది.)

మామగారు: అదేంటి, వదిలేశావు?

కెప్టెన్: 20 అంగుళాల నుంచి 28 లోపు ఉంటేనే ఉంచుకోవాలంకుల్. మనిషికి రోజుకి మూడు.

మామగారు: పావు అంగుళానికి తిప్పి పంపించడానికి ఇదేమన్నా ఆర్మీ సెలక్షనా?

(రెండో చేప 29. అల్లుడి లైసెన్సుతో ఒక కాయితం ముక్క వచ్చింది. తేదీ రాసి అది తోకకి కడితే 28 దాటిన చేపని కూడా ఇంటికి తీసుకెళ్ళొచ్చు. అల్లుడు ఆ ముక్కని ఎవరికో దాచిపెట్టినట్టు జేబులో పెట్టుకుని, చేపని ఎత్తి, చేతులు రెండూ ముందుకి చాపాడు.)

మామగారు: ఎందుకలా దూరంగా పట్టుకున్నారు అల్లుడుగారూ? నీచు వాసనా?

అల్లుడు: ఇలా పట్టుకుంటే ఫొటోలో పెద్దగా పడుతుంది మామయ్యగారూ. ఉన్నదానికి రెట్టింపు.

మామగారు: పట్టుకున్న వాడు?

అల్లుడు: సగం అవుతాడు.

(అదీ నీళ్ళలోకే.)

కెప్టెన్: మంచిపని చేశావు బ్రో. ఆ సైజువి గుడ్లు పెట్టే తల్లులు అంకుల్. వాటిని ఉంచితేనే అఖాతంలో పిల్ల ఉంటుంది.

మామగారు: అది మటుకు తెలివైన మాట. మా యానాం దగ్గర పులసని సరిగ్గా కడుపుతో ఉన్నప్పుడే పట్టి వేలం వేస్తాం. ఆ తర్వాత ఏడాదంతా, ఈసారి పులస రాలేదేమండీ అని టీవీలో బాధపడతాం.

కెప్టెన్: ఇక్కడా ముందు అదే కథ. 1980ల్లో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ ప్రుడోమ్ అని ఒక వంటాయన రెడ్‌ఫిష్‌ని వెన్నలో ముంచి, మసాలా దట్టించి, నిప్పులా కాలిన ఇనప పెనం మీద మాడ్చి పెట్టాడు. దేశమంతా ఎగబడింది. చేపకి అంతమయ్యే రోజులొచ్చాయి. టెక్సాస్ అయితే 1981లోనే ఇక్కడ పట్టిన రెడ్‌ఫిష్‌ని అమ్మకూడదని చట్టం చేసింది. తినొచ్చు, అమ్మకూడదు.

మామగారు: అమ్మకూడదా? (గొంతు తగ్గించి) మరి నువ్వు మా దగ్గర తీసుకున్న ఆరువందల డాలర్లు?

కెప్టెన్: అది చేపకి కాదు అంకుల్, అనుభవానికి.

మామగారు: మా చెరువులకి వైరస్ వచ్చిన ఏడు నాకూ అనుభవమే మిగిలింది. ఎవరూ డబ్బివ్వలేదు.

అల్లుడు: మీరు మంచినీళ్ళ బాస్ చేపని చూడాలి మామయ్యగారూ! లేక్ ఫోర్క్‌లో 13 పౌన్లు దాటిన బాస్ పడితే, చలికాలం చివర్లో అయితే, ప్రభుత్వానికి అప్పివ్వచ్చు. వాళ్ళు తీసుకెళ్ళి గుడ్లు పెట్టించి, పిల్లల్ని చెరువుల్లో వదిలి, తల్లిని తిరిగి తెచ్చి దాని నీళ్ళలోనే దింపుతారు.

మామగారు: కాన్పు ఖర్చు సర్కారుదేనా? అమ్మాయి పురిటికి మీరు నా చేత హైదరాబాద్ ఆస్పత్రిలో కట్టించారు.

కెప్టెన్: (గబగబా) 1986లో అలా మొదట వెళ్ళిన చేప పేరు ఎథెల్ అంకుల్! పదిహేడున్నర పౌన్ల పైమాటే. పట్టింది మాలాంటి గైడే. అది తర్వాత ఒక షాపు అక్వేరియంలో ఏళ్ళ తరబడి బతికి పోతే సంతాపసభ కూడా పెట్టారు!

(ఫోను మోగింది. కెప్టెన్ గొంతు ఒక్కసారిగా ఇంగ్లీషు చదువుకున్న గొంతైంది.)

కెప్టెన్: హలో... అవును, చూస్తున్నా... రాత్రి పెట్టిన రిలీజే అనుకుంటా... ఆ చప్పుడా? పక్కింట్లో గడ్డి కోస్తున్నారు... (ఫోను పెట్టి, మోటారు ఆపి) క్లయింటుకి సర్వర్ పడిపోయిందట.

మామగారు: ఇంతకీ ఈ రెండిట్లో నీ పార్ట్‌టైమ్ ఏది బాబూ?

కెప్టెన్: ఆ ఉద్యోగం పడవని పోషిస్తుంది అంకుల్.

మామగారు: పడవ నిన్ను?

కెప్టెన్: పెట్రోలు, ఇన్సూరెన్సు, ఉప్పునీరు తినేసే ట్రెయిలర్ బేరింగులు పోను... మీ టిప్పే లాభం.

మామగారు: పులసకి పుస్తెలమ్మిన వాళ్ళ గురించి విన్నాను గానీ, పడవకి కూడా...

కెప్టెన్: అబ్బే, పుస్తెలు క్షేమం. పోయింది నా రిటైర్మెంటు ఫండు.

(మామగారి బెండు మునిగింది. వచ్చింది బూడిదరంగు చేప, మీసాలు, ఒంటినిండా జిగట.)

కెప్టెన్: అయ్యో, హార్డ్‌హెడ్! ముట్టుకోకండి! ముల్లు గుచ్చుకుంటే విషం, చెయ్యి మండిపోతుంది. చెత్త చేప. నేను విదిలించేస్తా.

మామగారు: ఆగు! జెల్ల కదయ్యా ఇది! (తుండుగుడ్డ చుట్టి ఒడుపుగా పట్టుకుని, పటకారుతో ముళ్ళు మూడూ విరిచారు.) దీనికెంత ఉండాలట?

కెప్టెన్: దానికి కొలత లేదంకుల్. లెక్క కూడా లేదు. ఎవరూ ఉంచుకోరు కదా.

మామగారు: లెక్క లేదా! ముందే చెప్పొద్దూ?

(పది గంటలకల్లా ఐసుపెట్టెలో మూత పట్టనన్ని జెల్లలు. అల్లుడు కాలర్ పైకి లాక్కుని పక్క పడవ వాళ్ళకి మొహం కనపడకుండా కూర్చున్నాడు. రేవులో చేపలు కోసే బల్ల దగ్గర పెలికాన్లు వరసకట్టాయి. కెప్టెన్ టాబ్లెట్ చాపాడు: టిప్పు ఇరవై శాతమా, పాతికా, ముప్ఫయ్యా?)

మామగారు: టిప్పు అల్లుడుగారు ఇస్తారు, ఫొటో ఆయనది కనుక. నా వంతు పులుసు. పచ్చిమామిడి దొరికితే ముక్కలు వేయిస్తాను. లేకపోతే చింతపండే. అమ్మాయి రాజమండ్రి నుంచి కారం తెప్పించింది. మీ ఆవిణ్ణి కూడా తీసుకురా.

(ఫోను మళ్ళీ మోగింది.)

కెప్టెన్: హలో... ఇంకా లేవలేదా సర్వరు?... వినపడట్లేదండీ, నడిసముద్రంలో ఉన్నట్టుంది సిగ్నలు... (ఫోను ఆపి, ఐసుపెట్టె ఒక కొస పట్టుకుని) కారు దాకా నేను మోస్తాను పదండంకుల్.