కట్టకు ఏ పక్క?

చెరువు కట్టకు రాళ్లు పేర్చిన వైపు నీళ్లుంటాయి, గడ్డి మొలిచిన వైపు పొలాలుంటాయి. ఐరాల మండలంలో మేకలు తోలుకుపోయే పిల్లోడికి కూడా తెలిసిన సంగతి ఇది. నాకు తెలియడానికి రెండు లక్షలు ఖర్చయింది.

2021 మే నెల. హైదరాబాదులో లాక్‌డౌన్. ఆఫీసు పని అయిపోగానే యూట్యూబ్. అమెరికాలో ఎవరో కుర్రాడు ఎప్పుడూ చూడని ఊళ్లో ఇళ్లకు అగ్రిమెంట్లు రాయించుకుని, ఆ కాగితాన్నే ఇంకొకరికి అమ్మి డాలర్లు చేసుకుంటున్నాడట. దాన్ని వోల్‌సేలింగ్ అంటారట. నవ్వొచ్చింది. మన రిజిస్ట్రారాఫీసు ముందు డాక్యుమెంట్ రైటర్లు ఎప్పట్నుంచో రాస్తున్నది అదే కదా: ‘మీ పేర గానీ, మీరు సూచించిన వారి పేర గానీ రిజిస్టరు చేసి ఇవ్వగలవాడను’. ఆ ‘సూచించిన వారు’ అన్న మాటలోనే వ్యాపారమంతా ఉంది. అడ్వాన్సు కొట్టడం, గడువులోగా ఎక్కువ రేటుకు ఇంకొకర్ని పట్టడం, మధ్యలో మిగిలింది జేబులో వేసుకోవడం. ఆ అమెరికా కుర్రాడికి లేనిది నాకొకటుంది. సొంత ఊరు.

సొంత ఊరంటే, ఏడో తరగతిలో హాస్టలుకు పోయి, ఆ తర్వాత పండక్కి తప్ప రాని ఊరు.

బ్రోకరు ఫోన్లోనే దొరికాడు. ఎకరా అరవై సెంట్లు, పట్టా భూమి, ఎకరా పద్నాలుగు లక్షలు. నలభై ఎనిమిది సెకన్ల వీడియో వాట్సాప్‌లో పంపాడు. ఇరవై సార్లన్నా చూసుంటాను. చదునైన నల్లనేల, పగుళ్లు, నాలుగు తుమ్మచెట్లు, మేకలు. దూరంగా రాళ్లు పేర్చిన చెరువు కట్ట. దాని ముందు నిలువుగా రెండు రాతి స్తంభాలు, వాటిమీద అడ్డంగా ఒక రాయి. ‘చెరువు కింద నేల, నీటికి కొదవలేదు’ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రాతి స్తంభాలను పాత మంటపం ఆనవాలు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, కొనడానికి నేను పట్టిన బెంగళూరు పార్టీకి అలాగే చెప్పాను.

కాగితాలు చూడలేదని అనుకోకండి. మీభూమిలో అడంగల్, 1-బి తీశాను. ముప్పై ఏళ్లకు ఈసీ తీయించాను. 22-ఏ నిషేధిత భూముల జాబితాలో లేదని రూఢి చేసుకున్నాను. డీకేటీ భూమి కాదు, అసైన్డ్ గొడవ లేదు. అన్నీ కడిగిన ముత్యాలే. ఒక్క గ్రామ పటం మాత్రం చూడలేదు. చూసుంటే చెరువు ఏ పక్కనుందో అందులోనే కనిపించేది. రెండు లక్షలు బదిలీ చేసి, వంద రూపాయల స్టాంపు కాగితం కొరియర్లో తెప్పించుకుని సంతకం పెట్టాను. గడువు ఆరు నెలలు. అడ్వాన్సు వాపసు ఉండదన్న షరతు, ఖర్మ, నేనే రాయించాను. షరతు గట్టిగా ఉంటే రైతు మాట తప్పడని నా తెలివి.

ఇంట్లో చెప్పలేదు. లాభం చేతిలో పడ్డాక అమ్మకు చెబుదామని.

కొనేవాడికి నేను అమ్మింది నేల కాదు, దూరాలు. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే మన పలమనేరు, చిత్తూరు మీదుగానే పోతుందన్నాను. ఆ రోడ్డు మీదికి ఎక్కడపడితే అక్కడ ఎక్కే వీలుండదు, ఇంటర్‌చేంజి దగ్గరే ఎక్కాలి. అది చెప్పలేదు. కాణిపాకం మా మండలమేనన్నాను. అది మాత్రం నిజం. ఎకరా పద్దెనిమిదికి ఒప్పుకున్నాడు. ఎక్సెల్‌లో ఆరు లక్షల నలభై వేలు పచ్చ రంగులో కనిపించాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు ఒక్కటే ఉన్నంతమాత్రాన భూమి మీద ఏ హక్కూ రాదు. ఈ ముక్క తర్వాతెప్పుడో చదివాను.

నవంబరులో వానలు. ఆ ఏడు చిత్తూరు జిల్లాలో కురిసిన వానలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు మరవ పారాయి. వాన తెరిపిచ్చాక బెంగళూరాయన భార్యతో సహా కారులో వచ్చాడు. నేను హైదరాబాదు నుంచి బస్సులో దిగాను. ఆ నేల దగ్గరికి నేను పోవడం అదే మొదలు.

కట్ట మీద నిలబడ్డాం. ఎదురుగా నీళ్లు. నా ‘మంటపం’ నడుముల్లోతు మునిగి ఉంది. అది తూము. బ్రోకరు అవతలి అంచుకు చెయ్యి చూపించి, “అద్దో, ఆ తుమ్మచెట్టు తల కనిపిస్తా ఉంది చూడండి సార్, అదే మన తూర్పు హద్దు” అన్నాడు. బెంగళూరాయన అరవలేదు. కెమెరా తీసి బాతుల్ని ఫోటో తీసుకుని, కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. బేరం ఒప్పుకున్నప్పుడు ఆయనిచ్చిన యాభై వేలు ఆ సాయంత్రమే తిరిగి పంపించాను.

బ్రోకరును నిలదీశాను. “ఊరోడివి, నీకు తెలీదా అన్నా? ఒండ్రు మట్టికి తీసుకుంటా ఉండావేమో అనుకున్నా” అన్నాడు. కాణిపాకంలో ప్రమాణం చెయ్యమంటే జంకకుండా చేసేవాడే. ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. నేను ఒక్క ప్రశ్నా అడగలేదు. ‘చెరువు నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయి’ అని అడిగితే పట్నం వాడినైపోతానని లోపల ఒక నామోషీ ఉండింది నాకు.

రాత్రి అమ్మకు చెప్పక తప్పలేదు. గిన్నెలు తోముతున్నదల్లా ఆగింది.

“ఆ మడిలోనా? పెళ్లయిన కొత్తల్లో మీ నాయన, నేను అక్కడ చేపలు పట్టినాము గదరా. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని.”

అడ్వాన్సు తిరిగి రాలేదు. రాయించింది నేనే కాబట్టి అడిగే మొహమూ లేకపోయింది. ఆ రైతు ఆ డబ్బుతో రెండు ఆవులు కొన్నాడు. పొద్దున్నే మా ఇంటికి పాలు పోసేది ఆయనే. అమ్మ ఇప్పటికీ లెక్కగా డబ్బులిచ్చే తీసుకుంటుంది.